కారుకు రెండు టైర్లు మారిస్తే సరిపోతుందా, నాలుగూ మార్చాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము ఖమ్మంలో ఉంటాము. 2019లో కొన్న మా కారు ఇప్పటికి 38 వేల కిలోమీటర్లు తిరిగింది. టైర్లు కారుతో వచ్చినవే, సైజు 185/65 ఆర్15 88హెచ్. ముందు టైర్లు గాడుల అడుగున ఉండే అడ్డపట్టీల దాకా అరిగిపోయాయి. వెనుక టైర్లకు గాడులు బాగానే ఉన్నాయి కానీ, రిమ్ముకు దగ్గరగా వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తున్నాయి. వచ్చే నెల అమ్మానాన్నలను, పాపను తీసుకుని సామానుతో తిరుపతి వెళ్లాలి. రెండు టైర్లు చాలని, వాటిని ముందు చక్రాలకు వేద్దామని, 185/60 ఆర్15 84హెచ్ అయితే తక్కువ ధరకు ఇస్తామని షాపువారు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

మొదటి సమాధానం:
ఆ సైజుకు ఒప్పుకోకండి. సైజు చివరన ఉన్న 88 అంటే ఒక్కో టైరు 560 కిలోల బరువు మోయగలదని, 84 అంటే 500 కిలోలని అర్థం. ఐదుగురు పెద్దా చిన్నా, డిక్కీ నిండా సామాను, పైన ఎండ ఉన్న ప్రయాణంలో టైరుకు 60 కిలోల చొప్పున తగ్గించుకోవడం ఏ ధరకైనా తగని పని. పైగా 65కు బదులు 60 వేస్తే టైరు ఎత్తు తగ్గుతుంది కనుక స్పీడోమీటరు కూడా అసలు వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది. ముందు రెండూ ఎలాగూ మార్చక తప్పదు. ఆ అడ్డపట్టీలు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి, చట్టం ఒప్పుకునే కనీస లోతు అదే.

ఇక వెనుక టైర్ల సంగతి. టైరు పక్కభాగం మీద డీఓటీ అని మొదలయ్యే వరుస చివరన నాలుగు అంకెలు ఉంటాయి. 2219 అని ఉంటే 2019లో 22వ వారం తయారైనదని అర్థం. ఒక పక్క ఆ అంకెలు లేకపోతే కారు కిందికి వంగి లోపలి పక్క చూడండి. ఎండకూ గాలికీ రబ్బరు గట్టిపడి పగులుతుంది, గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆ ముసలితనం పోదు. నాలుగూ మార్చండి.

రెండవ సమాధానం:
డబ్బు సర్దుబాటు కాక రెండే కొనవలసి వస్తే, కొత్తవి వెనుక చక్రాలకే వేయించి, ఇప్పుడు వెనుక ఉన్నవి ముందుకు మార్పించండి. నేను కూడా ఒకప్పుడు కొత్తవి ముందుకు వేయించాను. ఒక వానాకాలం సాయంత్రం, విజయవాడ హైవే మీద నీళ్లు నిలిచిన మలుపులో, ముందు చక్రాలు రోడ్డును పట్టుకునే ఉండగా కారు వెనుక భాగం ఒక్కసారిగా పక్కకు జారి, డివైడరుకు జానెడు దూరంలో ఆగింది. వెనుక సీట్లో మా అత్తగారు ఉన్నారు. ముందు టైర్లు జారితే స్టీరింగు తేలిపోయినట్లు చేతికి తెలుస్తుంది, యాక్సిలరేటరు వదిలితే చాలావరకు అదుపులోకి వస్తుంది. వెనుకవి జారితే మనలాంటి మామూలు డ్రైవర్లకు సర్దుకునే వ్యవధి ఉండదు. ఇంజను ముందు చక్రాలను నడిపే కార్లకు కూడా ఇదే వర్తిస్తుంది.

మూడవ సమాధానం:
నేను టైర్ల పనిలోనే ఉన్నాను. ఐఎస్‌ఐ గుర్తు చూసి, నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి తీసుకోండి. రీబటన్ టైర్ల (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించినవి) జోలికి వెళ్లవద్దు. టైర్లతో పాటు వాల్వులు కూడా కొత్తవి వేయించి, బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు చేయించండి. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది, నిండు బరువుకు వేరే అంకె ఉంటే తిరుపతి ప్రయాణానికి అదే పాటించండి. టైరు మీద ముద్రించినది గరిష్ఠ పరిమితి మాత్రమే. బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలిగి వేడెక్కుతుంది, ఎండాకాలం హైవేల మీద టైర్లు పేలడానికి ముఖ్య కారణాల్లో అదొకటి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం చూస్తే నాలుగింటి మీదా 2219 అనే ఉంది. పాత సైజులోనే నాలుగు టైర్లకు వేరే షాపులో చెప్పాను, తేదీ చూశాకే బిగించమన్నాను. డిక్కీ అడుగున ఇంతవరకు నేలను తాకని స్టెప్నీ మీద కూడా 2219 ఉంది. దాన్ని వాడవచ్చా?

మూడవ సమాధానం ఇచ్చినవారు:
పంక్చరయినప్పుడు దగ్గరి షాపు వరకు, నెమ్మదిగా వెళ్లడానికి మాత్రమే. దానికీ పగుళ్లు ఉంటే అదీ వద్దు, ఐదవ టైరు కూడా చెప్పండి.