పాత కాసులపేరుకి బంగారం రేటు మీద అదనం ఇవ్వాలా?

బెజవాడ_బావ: గవర్నర్‌పేటలో ఒక షాపులో కాసులపేరు చూశాం. తొంభై ఏళ్లనాటిది, యాంటిక్ అండీ అని బంగారం ధర మీద ముప్పై శాతం ఎక్కువ అడుగుతున్నాడు. హాల్‌మార్క్ లేదు. మా ఆవిడ పట్టు వదలట్లేదు. కొనొచ్చా?

తూకం_రాజు: వద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ, అంటే హాల్‌మార్క్‌తో పాటు నగ మీద వేసే ఆరు అక్షరాంకెల గుర్తింపు కోడ్, లేకుండా షాపు బంగారు నగ అమ్మకూడదు. పాత నగకి టంకం, లక్క కూడా ఉంటాయి. అవి పోను మిగిలిందే విలువ. బంగారానికి వయసేంటండీ?

బ్రాడీపేట_పిల్ల: మన షాపుల్లో యాంటిక్ అంటే నల్ల మెరుగు పెట్టిన కొత్త నక్షి నగే. 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు అనాలంటే వందేళ్లు నిండాలి, తొంభై చాలదు. నగని వెనక్కి తిప్పండి. కాసుల కొక్కేలు ఒకదానికొకటి రాసుకునే చోట సన్నగా అరిగి ఉండాలి. ఎత్తుగా ఉన్న చోటా గుంటల్లోనూ ఒకే నలుపు ఉందంటే అది పూసిందే.

తూకం_రాజు: వందా తొంభైయా కాదు, హెచ్‌యూఐడీ సంగతి చెప్పండి.

గుంటూరు_కారం: రాళ్లు పొదిగే కుందన్, పోల్కీ, జడావు నగలకి మినహాయింపు ఉంది.

తూకం_రాజు: కాసులపేరు కుందన్ ఎప్పుడైంది?

బ్రాడీపేట_పిల్ల: హెచ్‌యూఐడీ ఉన్నా స్వచ్ఛత తెలుస్తుంది, వయసు తెలియదు. పనితనానికి విలువే లేదంటారా?

తూకం_రాజు: సెంటిమెంట్ పేరుతో బేరం పెంచడమే ఇదంతా. మా అమ్మ కాసులపేరు నేనే కరిగించి నలుగురికీ సమానంగా గాజులు చేయించా. ఎవరూ ఏడవలేదు.

బ్రాడీపేట_పిల్ల: మీ అక్కచెల్లెళ్లని అడిగారా?

తూకం_రాజు: అడిగితే ఒప్పుకునేవాళ్లా?

బ్రాడీపేట_పిల్ల: అదీ సంగతి! మా అన్నయ్యా ఇలాగే చేశాడు. మా నాయనమ్మ కాసులపేరులో ఒక కాసుకి చిన్న సొట్ట ఉండేది, చిన్నప్పుడు నేను కొరికింది. ఇప్పుడు నా చేతికి రెండు గాజులున్నాయి, తూకం కరెక్టే. ఆ సొట్టని ఏ తూకంలో వేస్తారు?

తూకం_రాజు: పంచకపోతే కోర్టుకెక్కేవాళ్లు. ఆ గొడవ ఎవరు పడతారు?

గుంటూరు_కారం: పాపం బావని మర్చిపోయారు.

బెజవాడ_బావ: ఇవాళ మళ్లీ వెళ్లా. కొక్కేలు కొత్త దారంలా ఉన్నాయి, అరుగుదలే లేదు. హాల్‌మార్క్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ గుర్తించిన పరీక్షా కేంద్రంలో నాలుగు నగల దాకా రెండొందలకే పరీక్ష చేస్తారట, తీసుకెళదాం రండి అంటే నగ గడప దాటదన్నాడు. మా ఆవిడే లేచి వచ్చేసింది.

కృష్ణలంక_కుర్రాడు: ఏ షాపు బ్రదర్? ముప్పై అంటే ఇరవైకి ఇస్తాడేమో.