తుప్పు పట్టదనే కదా స్టెయిన్‌లెస్ వేయించింది! మరి ఇదేంటి?

మేడమీదమనిషి:
ఇల్లు సముద్రానికి దగ్గర. మేడ రెయిలింగ్‌కి స్టెయిన్‌లెస్ వేయించా. ఏడాది తిరక్కముందే అతుకుల దగ్గర టీ ఒలికినట్టు గోధుమరంగు చారలు. తుడిస్తే పోతాయి, వానొస్తే మళ్లీ ప్రత్యక్షం. ఇంతకంటే పెయింట్ కొట్టిన మామూలు ఇనుమే నయం.

అతుకులబాబు:
పాతికేళ్లుగా ఫాబ్రికేషన్ చేస్తున్నా. అసలు తుప్పే పట్టదనడం తప్పు. ఇందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనపడనంత సన్నటి పొర కడుతుంది. గీత పడ్డా ఆ పొర మళ్లీ దానంతటదే కట్టుకుంటుంది. కానీ ఉప్పుగాలిలోని క్లోరైడ్‌కి, ఆ పొరకి పడదు. స్టెయిన్‌లెస్‌లో రకాలకి అంకెలుంటాయి. 304 రకంలో క్రోమియం 18, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. సముద్రం పక్కన అది చాలదు. 2 శాతానికి తగ్గకుండా మాలిబ్డినం అనే లోహం ఉండే 316 వేయాలి. మీది ఏది?

మేడమీదమనిషి:
అయస్కాంతం పెట్టి చూసే తీసుకున్నా. అంటుకోలేదు. అంటే మంచిదే కదా.

గుండుసూది:
అంటుకోకపోతే ఒరిజినలే. మా నాన్న కూడా అలాగే చూసేవారు.

అతుకులబాబు:
మళ్లీ అయస్కాంతమేనా! నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన 201కీ అంటుకోదు. మంచి 304 గొట్టాన్నే వంచి చూడండి, ఆ వంపు దగ్గర కాస్త అంటుకుంటుంది. 430కి గట్టిగా అంటుకుంటుంది, అదీ స్టెయిన్‌లెస్సే.

గుండుసూది:
అయితే మా నాన్న చూసింది తప్పంటారా?

సిమెంటుసంచి:
రెయిలింగ్ ఒక్కటే చూసి లోహాన్ని తిడితే ఎలా? మెక్సికోలో ప్రోగ్రెసో దగ్గర సముద్రంలోకి కట్టిన రేవు వంతెన 1941కి పూర్తయింది. కాంక్రీటులో స్టెయిన్‌లెస్ చువ్వలు వేశారు. ఇప్పటికీ వాడుతున్నారు. తర్వాత దాని పక్కనే మామూలు చువ్వలతో కట్టింది శిథిలమైపోయింది.

మేడమీదమనిషి:
ఆ చువ్వలు ఏ రకం?

సిమెంటుసంచి:
304.

మేడమీదమనిషి:
బాబు గారూ, విన్నారా? సముద్రం నీళ్లలో 80 ఏళ్లు నిలిచింది, నా మేడ మీద ఏడాది నిలవలేదు. చాలనిది 304 కాదు, పనితనం.

అతుకులబాబు:
అది కాంక్రీటు లోపల ఉంది సార్. కాంక్రీటుకి క్షారగుణం ఉంటుంది, అందులో 304 చాలా ఎక్కువ ఉప్పుకి తట్టుకుంటుంది. మీది బయట గాలికి ఉంది. ఇంకోటి వినండి. స్విట్జర్లాండ్‌లో ఉస్టర్ ఊళ్లో 1985లో ఈతకొలను పైకప్పు కూలి 12 మంది చనిపోయారు. కప్పుని మోసే స్టెయిన్‌లెస్ కడ్డీలు కొలను గాలిలోని క్లోరైడ్‌కి లోలోపల పగుళ్లిచ్చి తెగాయి. లోహం మంచిదే, చోటే తప్పు. ఇంతకీ టైల్స్ వేశాక నేల యాసిడ్‌తో కడిగారా?

మేడమీదమనిషి:
కడిగారు. అందరూ కడుగుతారు. ఏం?

అతుకులబాబు:
ఇంకేం. ఆ యాసిడ్ ఆవిరి తగిలితే చాలు, రెయిలింగ్ పని అయిపోయినట్టే. మీరు చేసింది చేసి మమ్మల్ని అంటున్నారు.

మేడమీదమనిషి:
ఓహో, తప్పు నాదన్నమాట! మరకలొచ్చాయని ఫోన్ చేస్తే మా పనివాడూ ఇదే పాట: "మీరు సరిగా చూసుకోలేదు సార్." రెయిలింగ్ బిగించిన రోజు యాసిడ్ తగలనివ్వొద్దని ఒక్క ముక్క చెప్పాడా? అతుకుల దగ్గర నీలంగా మిగిలిన రంగు చూసి ఇదేంటంటే "అదే పోతుంది" అన్నాడు.

సిమెంటుసంచి:
ఆ నీలం దానంతటది పోదు. వెల్డింగ్ వేడికి అక్కడి పొర చెడిందని అర్థం. వెల్డింగ్ మరకలు తీసే పిక్లింగ్ పేస్ట్ రాసి, కడిగేసి తీయాలి. మామూలు ఇనుప బ్రష్‌తో రుద్దితే ఆ ఇనుప రజను అంటుకుని కొత్త తుప్పు మొదలవుతుంది.

మేడమీదమనిషి:
బాబు గారూ, సూటిగా అడుగుతున్నా. మీరు ప్రతి అతుక్కీ పేస్ట్ రాస్తారా?

అతుకులబాబు:
అడిగితే రాస్తా. దానికి ఒక పూట పని పెరుగుతుంది. ఆ మాటెత్తితే పని పక్కవాడికి పోతుంది. అందరికీ మెరుపు కావాలి, రేటు తగ్గాలి.

మేడమీదమనిషి:
అడగాలని నాకెలా తెలుస్తుంది? తెలిసినవాడు మీరు.

అతుకులబాబు:
చెప్పినా వినేవాళ్లు ఎంతమంది సార్?

మేడమీదమనిషి:
నాకు చెప్పలేదు కదా. నేనడిగేది అదే.

సిమెంటుసంచి:
బిల్లు మీద గ్రేడ్ ఏమని రాశారు?

మేడమీదమనిషి:
ఇప్పుడే తీసి చూశా. "ఎస్ఎస్ పైపు" అని ఉంది. అంకె లేదు.

అతుకులబాబు:
అంకె లేకపోతే 201 కూడా కావచ్చు. అది రాయించకపోవడం మాత్రం మీ పొరపాటే... సరే, వాడిదీనూ. చుక్కల మందు, చిన్న బ్యాటరీ పెట్టి మాలిబ్డినం ఉందో లేదో చూసే పరీక్ష ఉంది, ముందు అది చేయించండి. ఈలోపు నెలకోసారి మంచినీళ్లతో కడిగి తుడవండి. వాన తగలని కింది వైపు మర్చిపోకండి, ఉప్పు పేరుకునేది అక్కడే.

మేడమీదమనిషి:
చేయిస్తా. 201 అని తేలితే ఆ కాగితం ఫోటో ఇక్కడే పెడతా.

గుండుసూది:
ఇంతకీ అయస్కాంతం ఎందుకూ పనికిరాదంటారా?