బైపాస్ అయ్యి తొమ్మిది నెలలు. ఒక్క పెగ్గుకే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. మీలో ఎవరికైనా ఇలా అయ్యిందా?

అడిగినవారు: తొమ్మిదో నెల

నమస్కారం అండీ. నా వయసు 41. తొమ్మిది నెలల కిందట బరువు తగ్గడానికి పొట్టకు గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పుడు 127 కిలోలు, ఇవాళ పొద్దున చూసుకుంటే 86. షుగర్ మాత్రలు ఆపేశారు. గురక పోయింది. మెట్లెక్కితే ఆయాసం లేదు. ఆపరేషన్ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అడగాలనుకున్నది మందు గురించి. రోజూ తాగే మనిషిని కాదు నేను. నెలకు రెండు మూడుసార్లు స్నేహితులతో కూర్చుంటే మూడు పెగ్గులు, ఆ తర్వాత భోజనం, నిద్ర. డిశ్చార్జి కాగితంలో "మద్యం వద్దు" అని ఒక లైను ఉంది. ఎన్నాళ్లు వద్దో, ఎందుకు వద్దో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొన్న శనివారం పాత ఆఫీసువాళ్లం కలిశాం. అందరూ పోసుకుంటున్నారని నేనూ ఒకే ఒక్క లార్జ్, 60 ఎం.ఎల్., నీళ్లు కలుపుకుని తీసుకున్నాను. గ్లాసు సగం కాకముందే చెవులు వేడెక్కాయి. మాట్లాడుతున్న మనిషి మొహం కొంచెం దూరం జరిగినట్టు అనిపించింది. బాత్రూంకి లేస్తే గోడ పట్టుకుని నడవాల్సి వచ్చింది. ఇంతకుముందు మూడు పెగ్గులకు కూడా నాకు ఇలా ఎప్పుడూ కాలేదు. చిత్రమేమిటంటే ముప్పావు గంట గడిచేసరికి అంతా దిగిపోయినట్టే ఉంది. బండి నేనే నడుపుతానన్నాను. మా ఆవిడ తాళాలు ఇవ్వలేదు.

ఒక స్నేహితుడు మాత్రం, "నీకు లాభమేరా, తక్కువతోనే పని అయిపోతోంది, లివర్‌కీ మంచిదే" అన్నాడు. ఆ మాట నాకు సబబుగానే తోచింది, అందుకే భయం కూడా వేసింది. ఇది మామూలేనా? ఎప్పటినుంచి తాగొచ్చు? అసలు తాగొచ్చా?

జవాబు: ఐదేళ్ల బైపాస్

తమ్ముడూ, ముందు మీ ఆవిడకు నా తరఫున థాంక్స్ చెప్పండి. తాళాలు ఇవ్వకపోవడం ఆ రాత్రి జరిగిన అన్నింటిలోకీ మంచి పని.

నా వయసు 48, బైపాస్ అయ్యి ఐదేళ్లు దాటింది. మీ స్నేహితుడు అన్న "లాభం" అనే మాట దగ్గరే ఆగుతాను. ఎందుకంటే రెండో ఏడాదిలో నాకు నేను చెప్పుకున్న మాట కూడా అదే.

మీకు జరిగింది మామూలే. ఇంతకుముందు మందు పొట్టలో కాసేపు నిలిచేది. పొట్ట గోడలో ఉండే ఎంజైమ్ అందులో కొంత అక్కడే విరగ్గొట్టేది. మిగిలింది కొంచెం కొంచెంగా కిందికి దిగేది. బైపాస్‌లో మనకు మిగిలింది సుమారు 30 ఎం.ఎల్. పట్టే సంచి, అంటే ఒక స్మాల్ పెగ్గంత. దాని నుంచి నేరుగా చిన్నపేగులోకి దారి. మధ్యలో ఆపే తలుపు లేదు. పేగు చకచకా పీల్చేసుకుంటుంది. ఒక్కసారిగా తలకెక్కేది అందుకే.

దీని మీద అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్లు బైపాస్ చేయించుకున్న 19 మందిని పరీక్షించారు, 2011లో అచ్చయింది. ఆపరేషన్‌కు ముందు, మూడు నెలలకు, ఆరు నెలలకు అదే మనుషులకు దాదాపు 150 ఎం.ఎల్. రెడ్ వైన్ ఇచ్చారు. ముందు 100 ఎం.ఎల్. రక్తంలో మద్యం సగటున 24 మిల్లీగ్రాముల దాకా వెళ్లింది. మూడు నెలలకు 59. ఆరు నెలలకు 88. అమెరికాలో బండి నడపడానికి చాలా చోట్ల హద్దు 80, అంటే ఒక్క గ్లాసు వైన్‌తో హద్దు దాటిపోయారు. పూర్తిగా దిగడానికి ముందు 49 నిమిషాలు పట్టేది, ఆరు నెలలకు 88 నిమిషాలు పట్టింది. మీకు ముప్పావు గంటకే దిగిపోయినట్టు అనిపించిందన్నారు కదా. ఆ అనిపించడాన్ని నమ్మొద్దు. పైనుంచి ఒక్కసారిగా కిందికి జారినప్పుడు, ఇంకా సగం మత్తులో ఉన్నా తేరుకున్నట్టే ఉంటుంది.

ఇక లాభం సంగతి. ఎంత తొందరగా ఎక్కితే మెదడు దాన్ని అంత గట్టిగా గుర్తుపెట్టుకుంటుంది. తొందరగా దిగితే మళ్లీ కావాలంటుంది. తక్కువ తాగితే చాలు అన్నది మొదటి నెల మాట. ఆ తక్కువే రోజూ అవుతుంది.

నా సంగతి చెప్తాను. ఆపరేషన్ అయిన రెండో రోజు వార్డులో ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు ఇచ్చారు. 30 ఎం.ఎల్. దాకా గీతలుంటాయి, సిరప్ సీసాల మీద వచ్చేలాంటిది. పావుగంటకు ఒక కప్పు నీళ్లు, గుక్క గుక్కగా. మీకూ ఇచ్చే ఉంటారు. దాన్ని ఇంటికి తెచ్చుకుని వంటింటి అలమరలో పెట్టుకున్నాను. దాన్ని చూస్తే ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చానో గుర్తొచ్చి గర్వంగా ఉండేది.

మొదటి ఏడాది మందు ముట్టలేదు. పదిహేనో నెలలో ఒక ఫంక్షన్‌లో కొంచెం తీసుకున్నాను, హాయిగా అనిపించింది. అప్పటికి తిండి నాకు తోడు కాకుండా పోయింది. ఏడుపొచ్చినా కోపమొచ్చినా నలభై ఏళ్లు తినడమే తెలిసిన మనిషిని, ఇప్పుడు నాలుగు ముద్దలకే ఆగిపోవాలి. ఆ ఖాళీలోకి మందు వచ్చి కూర్చుంది. అదే కప్పుతో కొలిచి పోసుకునేదాన్ని. ఒక్క కప్పే కదా, కొలిచి మరీ తాగుతున్నాను కదా అనుకునేదాన్ని. ఆరు నెలల్లో రెండు కప్పులయ్యింది. ఆ తర్వాత కప్పుతో కొలవడమే మానేశాను.

ఒకరోజు మనవడికి జ్వరమొస్తే సిరప్ కొలవడానికి మా అమ్మాయి ఆ కప్పు తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఏమీ అనలేదు. కుళాయి తిప్పి, సబ్బుతో రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, అప్పుడు సిరప్ పోసింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ రెండోసారి కడగడం నేను మరచిపోలేను.

సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాను. మానేసి ఇరవై రెండు నెలలైంది. బలహీనత నాదేనని చాలాకాలం అనుకున్నాను. ఆయనే చెప్పారు, ఇది చాలామందికి వస్తుందని, మొదటి ఏడాదిలో కాక ఆ తర్వాత వస్తుందని. అమెరికాలో ఇలాంటి ఆపరేషన్లు చేయించుకున్న 2,000కు కాస్త తక్కువ మందిని వెంట ఉండి చూశారు. మద్యం సమస్య ఆపరేషన్‌కు ముందు ఏడాది 7.6 శాతం మందిలో ఉంది, తర్వాతి ఏడాది 7.3, రెండో ఏడాది 9.6. అంతేనా అనుకోకండి. ముందు ఏడాది ఏ సమస్యా లేని బైపాస్‌వాళ్లలో కూడా ఐదేళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ లక్షణాలు మొదలయ్యాయి. అందరూ మెచ్చుకుంటూ, చెకప్‌లు తగ్గిపోయి, మనల్ని ఎవరూ ఏమీ అడగని రోజుల్లోనే ఇది మొదలవుతుంది తమ్ముడూ.

తాగొచ్చా అన్నారు. మీ డాక్టరు గారిని అడగండి. నన్ను అడిగితే మాత్రం వద్దనే అంటాను.

జవాబు: స్లీవ్ 2021

నాది స్లీవ్ ఆపరేషన్, అదీ బరువు తగ్గడానికే. పొట్టలో ముప్పాతిక పైగా తీసేశారు కానీ పేగు దారి మార్చలేదు, కాబట్టి ఈ గొడవ మాకు లేదనుకుని చాలా ధీమాగా ఉండేవాడిని. అది తప్పు. 2018లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో స్లీవ్ చేయించుకున్న ఆడవాళ్లకు కూడా అదే మోతాదుకు రక్తంలో మద్యం దాదాపు రెట్టింపు ఎక్కింది, అదీ త్వరగా. ఊది చూసే మెషీన్ అసలుకంటే పావు వంతు పైనే తక్కువ చూపించిందట. ఇంట్లో చిన్న మెషీన్ కొనుక్కుని ఊదుకుని, పచ్చలైటు వచ్చిందని బండి తీసిన రోజులు నాకున్నాయి. దయచేసి ఆ పని చేయకండి.

సోడా, బీరు అయితే నాకు గ్యాస్‌తో ఛాతీ పట్టేస్తుంది, అది వేరే బాధ.

జవాబు: బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్ల) వార్డు నర్సు

అక్క చెప్పినదానికి నేను ఒక్కటి కలుపుతాను, ఎందుకంటే దీన్ని ఇంట్లోవాళ్లు కూడా చదవాలి.

షుగర్ పడిపోవడం. శరీరంలో గ్లూకోజ్ తగ్గినప్పుడు లివర్ కొత్తగా తయారుచేసి పంపుతుంది. మందు లోపల ఉంటే ఆ పని సరిగ్గా జరగదు. పైగా మీరు తినేది కొంచెమే కాబట్టి లివర్‌లో నిల్వ కూడా తక్కువ. బైపాస్‌వాళ్లలో కొందరికి తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో షుగర్ దానంతట అదే పడిపోయే ఇబ్బంది కూడా ఉంటుంది. షుగర్ పడిపోయిన మనిషీ, తాగిన మనిషీ చూడ్డానికి ఒకేలా ఉంటారు: చెమట, తూలడం, తడబడే మాట, నిద్ర. మా దగ్గరికి వచ్చిన ఒకాయనను, తాగి పడుకున్నాడులే అని ఇంట్లోవాళ్లు దుప్పటి కప్పి వదిలేశారు. ఆయన భార్యకు ఎందుకో అనుమానం వచ్చి గ్లూకోమీటర్‌తో చూస్తే 38. ఆవిడ చూడకపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. కాబట్టి మెలకువ రాకపోతే "దిగితే లేస్తాడు" అనుకోకండి. వేలు గుచ్చి చూడండి, వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి.

ఇంకొకటి, బి1 విటమిన్. వాంతులు ఆగకుండా అవుతూ, తిండి సరిగ్గా లేక, దాని మీద మందు కూడా ఉంటే అది చాలా త్వరగా ఖాళీ అవుతుంది. చూపు రెండుగా కనిపించడం, నడక తేడాగా ఉండడం, మాటకు మాటకు పొంతన లేకపోవడం వస్తే అది మెదడుకు ప్రమాదం. ఎమర్జెన్సీలో డాక్టరుకు మూడూ చెప్పండి: బైపాస్ అయ్యింది, వాంతులున్నాయి, మందు అలవాటుంది. సిగ్గుపడి మూడోది దాచేవాళ్లే ఎక్కువ. బి1 ఇంజెక్షన్ సమయానికి పడితే చాలామంది తేరుకుంటారు.

ఎప్పటినుంచి అంటే: కొన్నిచోట్ల ఆరు నెలలు అంటారు, కొన్నిచోట్ల ఏడాది. బరువు వేగంగా తగ్గుతున్నన్నాళ్లూ వద్దు అన్నది అందరూ చెప్పేదే. మీది ఇంకా తగ్గుతోంది. ముందు నుంచీ మద్యం సమస్య ఉన్నవాళ్లకు మాత్రం ఎప్పటికీ వద్దనే చెప్తాం.

అడిగినవారు: తొమ్మిదో నెల

అందరికీ దండాలు. రాత్రి ఇదంతా మా ఆవిడ, నేను కలిసి చదివాం. కప్పు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. మా ఇంట్లో కూడా ఆ కప్పు ఉంది అక్కా, టూత్‌బ్రష్‌ల పక్కన.

క్లినిక్‌కు ఫోన్ చేశాను. ఏడాది నిండేదాకా వద్దన్నారు, ఆ తర్వాత కూడా వచ్చి మాట్లాడాకే అన్నారు. వచ్చే చెకప్‌లో బి1 కూడా చూస్తామన్నారు. గ్లూకోమీటర్ పాతది ఉంది, స్ట్రిప్పులు కొత్తవి తెప్పించాను. నేను లేవకపోతే ఏం చేయాలో మా ఆవిడకు చూపించాను. ఆవిడ ముందు తన వేలు గుచ్చుకుని చూసుకుంది.

నాకు కష్టమనిపించేది ఒక్కటే. వచ్చే శనివారం మళ్లీ అదే బ్యాచ్. వాళ్లను వదులుకోవాలని లేదు. చేతిలో గ్లాసు లేకుండా ఎలా కూర్చోవాలో మాత్రం తెలియడం లేదు.

జవాబు: ఐదేళ్ల బైపాస్

వెళ్లండి తమ్ముడూ. చేతిలో గ్లాసు ఉండనివ్వండి, నీళ్లతో. పోయబోతుంటే "డాక్టర్ వద్దన్నారు" అని మొదటి ఐదు నిమిషాల్లోనే, గట్టిగా, అందరికీ వినిపించేలా చెప్పేయండి. ఆలస్యం చేసేకొద్దీ చెప్పడం కష్టమవుతుంది. ఆ "లాభం" అన్న స్నేహితుడి పక్కన కాకుండా వేరేచోట కూర్చోండి. ముందే కొంచెం తిని వెళ్లండి, ఆకలి మీద మనసు ఎక్కువ లాగుతుంది. తొమ్మిదిన్నరకల్లా లేచి వచ్చేయండి, మూడో రౌండ్ దాకా ఉండొద్దు.

మరీ లాగితే బయటికి వచ్చి ఇక్కడ ఒక్క ముక్క రాయండి. శనివారం రాత్రి పదకొండు దాకా నేను మేలుకునే ఉంటాను.