ఫోన్‌తో స్కాన్ చేసినా సాయంత్రానికి లెక్క కలవడం లేదు, ఎవరైనా చెప్పండి

నల్లగొండ గోదాం:
మాది దేవరకొండ రోడ్డు మీద చిన్న గోదాం. సబ్బులు, బిస్కెట్లు, టీ పొడి కిరాణం షాపులకు వేస్తాం. రెండు టాటా ఏస్‌లు, ఇద్దరు డ్రైవర్లు, ముగ్గురు హమాలీలు. సంక్రాంతి అయ్యాక పుస్తకం పక్కన పెట్టి ఫోన్‌లో స్కానింగ్ యాప్ మొదలుపెట్టాం, నెలనెలా డబ్బు కూడా కడుతున్నాం. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు రోజూ సాయంత్రం యాప్ లెక్కకూ గోదాంలో సరుకుకూ పొంతన ఉండటం లేదు. నిన్న 40 కేసుల బిస్కెట్లు నేనే దగ్గరుండి లోడ్ చేయించాను, యాప్‌లో చూస్తే 37 కేసులు, 3 ప్యాకెట్లు అని ఉంది.

ఇంకోటి, చందంపేట వైపు వెళ్లే బండి. షాపు వాళ్లు సరుకు ముట్టిందంటారు, యాప్‌లో మాత్రం పెండింగ్ అనే ఉంటుంది, కొన్ని రాత్రి ఎప్పుడో పడతాయి, కొన్ని తెల్లారినా పడవు. ఆ డ్రైవర్ ఆరేళ్లుగా మా దగ్గరే ఉన్నాడు. మొన్న టెన్షన్‌లో అతన్ని నాలుగు మాటలు అనేశాను, రాత్రంతా నిద్ర పట్టలేదు. స్కానర్ గన్ కొనాలా, యాప్ మార్చాలా, మళ్లీ పుస్తకమే రాసుకోవాలా?

జడ్చర్ల సూపర్‌వైజర్:
అన్నా, ఆ 3 ప్యాకెట్ల దగ్గరే మీ జవాబు ఉంది. 40 కేసులూ ఎక్కాయి, కానీ మూడింటికి కేసు మీది కోడ్ బదులు లోపలి ప్యాకెట్ కోడ్ స్కాన్ అయింది. ప్యాకెట్ మీద 13 అంకెల బార్‌కోడ్ ఉంటుంది, మన దేశంలో నమోదైన కంపెనీలవి ఎక్కువగా 890తో మొదలవుతాయి. అట్టపెట్టె మీద 14 అంకెలది ఉంటుంది, చాలా వాటికి అదే నంబరు ముందు 1 చేరి 1890 అని మొదలై, చివరి అంకె మారుతుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లకు తేడా తెలియదు. లోడింగ్ స్క్రీన్‌లో కేసు కోడ్ మాత్రమే తీసుకునే సెట్టింగ్ ఉందేమో చూడండి, లేకపోతే యాప్ వాళ్లకు ఫోన్ చేసి పెట్టించుకోండి. డబ్బు కడుతున్నారు కదా, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇంకో సంగతి, ఒకే రకం బిస్కెట్ కేసులన్నింటి మీదా ఒకే కోడ్ ఉంటుంది. ఒక కేసును రెండుసార్లు స్కాన్ చేసినా యాప్‌కు అది వేరే కేసే. మేము ఒక్కసారి స్కాన్ చేసి సంఖ్య టైపు చేస్తాం, బండి ఎక్కించేటప్పుడు హమాలీ పైకి లెక్క చెబుతాడు, రెండో మనిషి పదికొకసారి సుద్దతో గీత గీస్తాడు. నలభై సార్లు ఫోన్ చూపించడం కన్నా ఇదే నమ్మకం.

అచ్చంపేట రూట్:
నేను డ్రైవర్‌నే, అచ్చంపేట నుంచి మన్ననూర్ దాటి అడవి లోపలికి వేస్తాను. దయచేసి ఆ డ్రైవర్ అన్నను అనుమానించకండి. సిగ్నల్ లేని చోట మనం నొక్కిన డెలివరీలు ఫోన్‌లోనే ఉండిపోతాయి, సిగ్నల్ వచ్చాక పైకి వెళ్లాలి. వెళ్లకపోతే ముందు బ్యాటరీ సేవర్ చూడండి. అది ఆన్‌లో ఉంటే స్క్రీన్ ఆపగానే యాప్‌ను కూడా ఆపేస్తుంది, ఊళ్లోకి వచ్చినా డెలివరీలు కదలవు. సెట్టింగ్స్‌లో ఆ ఒక్క యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయాలి, తిరిగి వచ్చాక యాప్ తెరిచి పెండింగ్ సున్నా అయ్యేదాకా ఆగాలి.

ఒక్కటి గట్టిగా చెబుతున్నా, పెండింగ్ ఉన్నప్పుడు యాప్ తీసేసి మళ్లీ వేయడం, డేటా క్లియర్ చేయడం అసలు చేయకూడదు. నేను ఒకసారి అలా చేసి 14 షాపుల లెక్క పోగొట్టుకున్నాను, మర్నాడు అన్ని షాపులూ తిరిగి బిల్లుల మీద సంతకాలు చూపించాల్సి వచ్చింది. అప్పటి నుంచి బిల్లు కాపీ మీద సంతకం తప్పకుండా తీసుకుంటాను. ఎండాకాలం ఫోన్ డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దని కూడా చెప్పండి, వేడెక్కితే కెమెరా తెరుచుకోదు.

మిర్యాలగూడ మెడికల్ ఏజెన్సీ:
గన్ గురించి అడిగారు కాబట్టి రాస్తున్నా. గోదాంకు ఒక బ్లూటూత్ గన్ చాలు, ఫోన్‌కు కీబోర్డులా కలుస్తుంది కాబట్టి ఎక్కువ యాప్‌లలో వేరే ఏర్పాటు లేకుండా పనిచేస్తుంది, ఫోన్ బ్యాటరీ కూడా మిగులుతుంది. కొనే ముందు మీ కేసు ఒకటి షాపుకు తీసుకెళ్లి అక్కడే చదివించి చూడండి. డ్రైవర్లకు ఫోన్ కెమెరా సరిపోతుంది.

కానీ గన్ కొన్నా పాత స్టాక్, కొత్త స్టాక్ తేడా తెలియదు. మా మందుల్లో 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్లకు బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి, అందులో బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ కూడా ఉంటాయి. మీ బిస్కెట్ బార్‌కోడ్‌లో అవేవీ ఉండవు, అది ఏ సరుకో మాత్రమే చెబుతుంది. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ కేసులు వేరే వరుసలో పెట్టి, పెట్టె మీద మార్కర్‌తో నెల రాయండి.

నల్లగొండ గోదాం:
అందరికీ చాలా థ్యాంక్స్. పొద్దున హమాలీలను కూర్చోబెట్టి అడిగాను. డ్యామేజీ చూడటానికి విప్పిన మూడు కేసులను మళ్లీ బ్రౌన్ టేపుతో అంటించారు, టేపు సరిగ్గా బార్‌కోడ్ మీదే పడింది. ఫోన్ ఆ కోడ్ చదవకపోయేసరికి ఒకబ్బాయి పెట్టె మూత ఎత్తి లోపలి ప్యాకెట్ చూపించాడట, టింగ్ మంది కాబట్టి అయిపోయిందనుకున్నాడు. పాపం అతని తప్పు కాదు, మేమెవరం చెప్పలేదు. ఇక టేపు పక్కవైపే వేయమన్నాను.

డ్రైవర్ ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్‌లోనే ఉంది. పరిమితి తీసేసి యాప్ తెరిస్తే నా ముందే 9 డెలివరీలు ఒక్కొక్కటే పచ్చగా మారాయి. అతనికి క్షమాపణ చెప్పాను, మాట్లాడకుండా నా భుజం తట్టి బండి దగ్గరికి వెళ్లాడు.

ఇంకా రిటర్నుల గొడవ ఉంది. షాపుల నుంచి విడి ప్యాకెట్లు వెనక్కి వస్తాయి, వాటిని స్కాన్ చేస్తే నేరుగా మంచి స్టాక్‌లో కలిసిపోతున్నాయి. డ్యామేజీకి వేరే గోదాం పేరు పెట్టి అందులో చూపించుకోవచ్చా? ఎవరైనా అలా చేస్తుంటే చెప్పండి.