నాలుగు ర్యామ్ స్టిక్కులు పెడితే ఎర్రర్లే. తప్పు డీడీఆర్5దా, నాదా?

పార్క్‌లేన్‌లో ఇంకో రెండు 16 జీబీ స్టిక్కులు కొన్నా. ప్రాసెసర్ ఏఎండీ రైజెన్ 7600. 6000 స్పీడ్ దగ్గర ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నిండా ఎర్ర గీతలు. రెండు పీకేస్తే శుభ్రం. పాత డీడీఆర్4లో నాలుగూ కిక్కురుమనలేదు. డీడీఆర్5లో తప్పు బిట్లను దిద్దే ఈసీసీ ఉందంటరు కదా?

జవాబు: ఆ ఈసీసీ చిప్ లోపలికే అన్నా. ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో చెడిన బిట్‌ను పట్టుకోదు. ఒకే చానల్ (ప్రాసెసర్‌కు, ర్యామ్‌కు మధ్య దారి) మీద రెండో స్టిక్కు సిగ్నల్‌కు బరువు. ఏఎండీ హామీ రెండింటికి 5200, నాలుగింటికి 3600.

ఇంకొకరు: పాత పెంటియం 4లో ర్యాంబస్ అనే రకం ర్యామ్ వాడిన. ఖాళీ స్లాట్‌లోనూ చిప్పుల్లేని డొల్ల కార్డు గుచ్చాలె, లేకుంటే సిగ్నల్ దారి తెగి బూటే కాదు! మా తమ్ముడు దాన్ని చెత్తనుకుని పారేసిండు.

అడిగినవారు: 3600కి దించా. రాత్రంతా ఒక్క ఎర్రర్ లేదు. పైసలిచ్చి స్పీడ్ తగ్గించుకున్నట్టుంది. రేపు 32 జీబీ స్టిక్కుల జత బేరమాడొస్తా.