లోపలనుండు లీనమై: డు నా, డి నా?

బంతిపూలు:
ఒక పాదం మూడు రోజులుగా చెవిలో జోరీగలా తిరుగుతోంది. తూర్పు జర్మనీ ఫుట్‌బాల్ లీగు ఆఖరి సీజన్, అదే 1990–91 ఓబర్‌లీగా మీద ఒక వ్యాసం రాస్తున్నా. "విలీనానికి ముందు ఆఖరి ఆట" అని శీర్షిక పెట్టి, పైన పోతన పాదం ఒకటి తగిలిద్దామనుకున్నా. మా తాతయ్య పొద్దున్నే తులసికోట దగ్గర చదివేవారు. నాకు గుర్తున్నది "జగ మెవ్వని లోపలనుండి లీనమై". మా డెస్కులో "లోపలనుండు" అని దిద్దారు. డి నా, డు నా? పనిలో పని, ఇంకో సందేహం. అక్కడ ఒక లీగు మూతపడింది, రెండోది, అంటే పడమటి జర్మనీ బుండెస్‌లీగా, ఇద్దరికి చోటిచ్చి 18 జట్ల నుంచి 20 అయింది. దీన్ని విలీనం అనొచ్చా?

ఛందోబద్ధుడు:
డు. ఇందులో చర్చకేముంది? ఉత్పలమాల అని గణాలు వేసి తేల్చాననుకునేరు, గణాలు తేల్చవు. అది పదిహేడో అక్షరం. యతి పదో అక్షరం 'మె' దగ్గరే అయిపోయింది. 'నుండులీ' అన్నా 'నుండిలీ' అన్నా రగణమే. తేల్చేది క్రియ. 'ఎవ్వనిచే జనించు', 'ఎవ్వని లోపలనుండు', 'ఎవ్వనియందు డిందు' (అణగు). మూడూ ఒక వరస. మధ్యదాన్ని 'ఉండి' చేస్తే జగం పుట్టి, మధ్యలో ఏమీ చెయ్యకుండా అణిగిపోతుంది.

పాత పంతులు:
అమ్మాయ్, తాతగారిది తప్పని అప్పుడే కొట్టెయ్యకు. మా కోనసీమలోనూ డి అనేవాళ్ళు ఉండేవారు. పొరపాటు ఎక్కడ పుట్టిందో చూడు. 'లోపలన్' ద్రుతాంతం, అంటే చివర న్ ఉన్న మాట. ఆ న్ వెళ్ళి 'ఉండు' నెత్తినెక్కి 'నుండు' అయింది. చెవికది 'నుండి' అనే పంచమిలా తగిలింది. ఇక నోరు దానంతటదే డి అనేసింది. అంటే తగవు డు, డిలది కాదు, దానికి ముందున్న న ది.

ఛందోబద్ధుడు:
మాస్టారూ, నేనూ అదే అనబోతున్నా.

పాత పంతులు:
అనబోయావు, అనలేదుగా.

కెమ్నిట్స్ కబుర్లు:
జర్మనీ మాట వచ్చింది కాబట్టి చెయ్యెత్తుతున్నా. నేను చదువుకునే ఊరి పేరు 1953 నుంచి 1990 దాకా కార్ల్ మార్క్స్ స్టాట్. జట్టు పేరూ ఎఫ్‌సీ కార్ల్ మార్క్స్ స్టాట్. 1990లో ఊరూ జట్టూ కలిసే కెమ్నిట్స్ అయిపోయాయి. మార్క్స్ తలకాయ మాత్రం నడిబజారులో ఇంకా ఉంది. ఏడు మీటర్ల కంచు తల, మొండెం లేదు. ఇక్కడి యాసలో దాన్ని 'నిష్ల్' అంటారు, అంటే బుర్ర. చలికాలం దాని గడ్డం కింద గాలి తగలని మూల ఒకటుంటుంది, డోనర్ కబాబు పొట్లం అక్కడే విప్పుతాం.

ఇక మీ డు, డిల సంగతి. 1989 దాకా తూర్పు జర్మనీ ఆటగాళ్ళ బాధంతా ఆ ఒక్క అక్షరమే. ప్రభుత్వం "లోపలనుండు" అనేది. వాళ్ళు "లోపలనుండి" ఎలాగా అని చూసేవారు.

నేతిగిన్నె:
😄 ఈ దారంలో ఇప్పటిదాకా ఇదొక్కటే పనికొచ్చే వ్యాఖ్య.

బంతిపూలు:
@కెమ్నిట్స్ ఇది కాజేస్తున్నా. బెర్లిన్ డైనమో ఆటగాడు లూట్స్ ఐగెన్‌డోర్ఫ్ 1979లో కైజర్స్‌లౌటర్న్‌తో ఆడి తిరిగొస్తూ దారిలో జారుకున్నాడు. నాలుగేళ్ళకి కారు ప్రమాదంలో పోయాడు. గోడ పడ్డాక జారుకోవాల్సిన పనే లేదు. ముందు ఆండ్రెయాస్ థోమ్ లెవర్‌కూజెన్‌కి, తర్వాత అదే జట్టుకి ఉల్ఫ్ కిర్‌స్టెన్, స్టుట్‌గార్ట్‌కి మథియాస్ జామర్. ఆఖరి సీజన్ మొదలయ్యేసరికి మంచి కాళ్ళన్నీ పడమటికి పోయాయి.

పాత పంతులు:
ఆ పోయినవాళ్ళని ఏమంటారో అమరసింహుడు ముందే చెప్పాడు: "విలీనే విద్రుతద్రుతౌ". విలీనం, విద్రుతం, ద్రుతం, మూడూ ఒకటే. ద్రుతమంటే కరిగినది, పరుగెత్తినది కూడా. ఇప్పుడు "నకారంబు ద్రుతంబు" అన్న సూత్రం గుర్తు చేసుకో. మన న్‌కి ఆ పేరు ఎందుకొచ్చింది? కరిగి పోయేది కనుక. "లోపలనుండు లీనమై"లో లీనమైన మొదటి వస్తువు జగం కాదమ్మాయ్, ఆ నకారం!

ఛందోబద్ధుడు:
ఇది బాగుంది కానీ అక్కడ నకారం కరగలేదు కదండీ. అచ్చు పరమైతే నిలుస్తుంది. నిలిచింది కాబట్టే ఈ గొడవ.

పాత పంతులు:
నిలిచి, ఉకారంతో అతుక్కుంది. లీ ధాతువు "శ్లేషణే". అతుక్కోవడమే లీనం. నీ ఆక్షేపణే నా సాక్ష్యం.

నేతిగిన్నె:
అయ్యలారా, వంటింటి వైపు ఒకసారి రండి. వైద్య గ్రంథాల్లో విలీనం అంటే కరిగిన నెయ్యి. నా వాదం ఇదీ: విలీనం అంటే పోవడం కాదు, రూపు మారడం. గిన్నె పొయ్యి మీద పెడితే పూస పూసగా ఉన్న నెయ్యి పారదర్శకంగా అయిపోతుంది, అడుగున గిన్నె గీతలు కనబడతాయి. దించి గట్టు మీద పెట్టండి, తెల్లారేసరికి మళ్ళీ పేరుకుంటుంది. 'పేరిన నెయ్యి' అంటాం. కాబట్టి విలీనమైన ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు పేరుకుంటుంది.

బంతిపూలు:
అక్కా, పేరుకోవడమే కాదు, పేర్లు కూడా వెనక్కి తెచ్చుకున్నాయి! 1979 నుంచి 1988 దాకా వరసగా పదిసార్లు లీగు గెలిచిన బెర్లిన్ డైనమో, గోడ పడగానే 1990లో ఎఫ్‌సీ బెర్లిన్ అయింది. రహస్య పోలీసు మంత్రి మీల్కే జట్టన్న మచ్చ కడుక్కోవాలి కదా. 1999లో మళ్ళీ పాత పేరే. లైప్‌జిగ్ లోకోమోటివ్ 1991లో పేరు మార్చుకుంది, ఇప్పుడు మళ్ళీ లోకోమోటివ్.

కెమ్నిట్స్ కబుర్లు:
డ్రెస్డెన్ వాళ్ళు డైనమోని వదల్లేదు. ముందు 'ఎఫ్‌సీ' తగిలించారు, 2007లో అదీ పీకేశారు.

ఉప్పలోడు:
నేతి ముచ్చట మంచిగున్నది గని, విలీనంల 'వి' ఏందో ఎవ్వరు చెప్తలేరు. లీనం అంటె సాలదా? వియోగం, విభజన, విడ్డూరం... వి అంటెనే ఇడిపోవుడు గద. కలుసుడుకు ఇడిపోయే 'వి' ఎందుకు తగిలిచ్చిన్రు?

ఛందోబద్ధుడు:
విడ్డూరం ఆ లెక్కలోకి రాదు తమ్ముడూ. వి కి విశేషార్థం కూడా ఉంది: విజయం, విఖ్యాతి, విశుద్ధం. విలీనం అంటే బాగా లీనం.

ఉప్పలోడు:
మరి విలయం? అదీ గదే ధాతువు, గదే వి. బాగ లయమా? ఒక్కదానికేమో పేపర్ల పండుగ, ఇంకోదానికేమో తుపాను వార్త.

నేతిగిన్నె:
ఈ ప్రశ్నకి జవాబు రాదు చూడండి.

కొత్త సభ్యుడు 41:
నాకో అనుమానం. జర్మన్‌లో పునరేకీకరణని 'వీడర్‌ఫెరైనిగుంగ్' అంటారట. ఆ 'వీడర్'లో వి, మన వి ఒకటేనా?

ఛందోబద్ధుడు:
ఇలా చెవికి తోచినవల్లా కలుపుకుంటూ పోతే, నెదర్లాండ్స్ 'నేల'కి చుట్టమంటారు రేపు.

పాత పంతులు:
నవ్వకు నాయనా. ఆ కుర్రాడు గుడ్డి గురి పెట్టినా తగిలింది. జర్మన్ 'వీడర్' పాత రూపం, వేదంలోని 'వితరం' ఒకే మూలం నుంచి వచ్చాయని భాషాశాస్త్రజ్ఞులే అంటారు. రెండింటి అడుగునా 'వేరుగా, ఎడంగా' అన్న వి ఉంది. అంటే వాళ్ళు "మళ్ళీ ఒకటి" అన్నప్పుడూ ఆ మాట కడుపులో విడిపోవడం దాక్కుని ఉంది. లోపలనుండు లీనమై!

కొత్త సభ్యుడు 41:
🙏🙏

కెమ్నిట్స్ కబుర్లు:
మాస్టారూ, ఇంకొక మెలిక. చట్టంలో ఆ 'వీడర్' మాటే లేదు. 1990 అక్టోబరు 3న జరిగింది 'బైట్రిట్'. పశ్చిమ జర్మనీ మూలచట్టం 23వ అధికరణం కింద తూర్పు వెళ్ళి చేరింది. 'ట్రిట్' అంటే అడుగు. ఒకళ్ళు అడుగేశారు, రెండోవాళ్ళు ఉన్నచోటే ఉన్నారు. ఫుట్‌బాల్‌లోనూ అంతే. నవంబరు 20న లైప్‌జిగ్‌లో తూర్పు సంఘం తనను తానే రద్దు చేసుకుని, పడమటి సంఘంలో ఒక ప్రాంతీయ శాఖగా చేరింది. ఆగస్టులో మొదలైన లీగు మాత్రం దేశం లేకుండా మే దాకా ఆడింది.

బంతిపూలు:
అందుకే అడిగా, విలీనం అనాలా వద్దా అని!

ఉప్పలోడు:
నేను చెప్త. విభక్తి చూడుండ్రి. 2007ల పన్నెండు మున్సిపాలిటీలు, ఎనిమిది పంచాయతీలు హైదరాబాదుల కలిసినయ్. మా ఉప్పల్ హైదరాబాదు'ల' విలీనమైంది అన్నరు, హైదరాబాదు'తోని' విలీనమైంది అన్లేదు. ఆంధ్రా బ్యాంకు 2020ల యూనియన్ బ్యాంకు'ల' విలీనం. 'ల' అన్నకాడ మింగెటోడు, మింగబడెటోడు ఇద్దరుంటరు. 'తో' అంటె కలుసుడు. విలీనానికి 'తో' అతకది. గందుకె మీ లీగుకు విలీనమే కరెక్టు, జరంత చేదుగున్నా.

నేతిగిన్నె:
ఇది నిజంగా కొత్త సంగతి. 'తో విలీనం' అని రాసేవాళ్ళు లేకపోలేదు కానీ, చెవికి రాయిలా తగులుతుంది.

ఛందోబద్ధుడు:
పోతన కూడా 'లోపల' అన్నాడు, 'తోడ' అనలేదు.

గండికోట గాలి:
మా పోతన ఏది అన్నా ఆలోచించే అంటాడు. ఒంటిమిట్ట కోదండరాముడి ముందు కూర్చుని రాసినవాడు.

ఉప్పలోడు:
అన్నా, బమ్మెర పోతన అని పేర్లనే ఉన్నదే! బమ్మెర యాడున్నది? జనగామ కాడ. పొలం దున్నుకుంట రాసిండు.

గండికోట గాలి:
ఇంటిపేరు ఊరిపేరైనంత మాత్రాన అక్కడే ఉన్నాడనా? ఏకశిలానగరం అంటే ఒంటిమిట్ట. ఒంటి, మిట్ట. అర్థం చూడు.

ఉప్పలోడు:
ఏకశిల అంటె ఓరుగల్లు. ఇది చిన్న పోరగాళ్ళకు సుత ఎరుకే.

పాత పంతులు:
నాయనా, ఇద్దరూ ఆగండి. ఆయన కాయితం మీద ఏ ఊళ్ళో ఉన్నాడో గానీ, ఏనుగు కాలు మొసలి నోట్లో ఉన్నప్పుడు మాత్రం ఆ మడుగులోనే ఉన్నాడు. "కలడు కలండనెడివాడు కలడో లేడో" అన్న పాదం దగ్గర నాకు ముప్పై ఏళ్ళు గొంతు పట్టేసేది, పిల్లలు చూస్తారని బోర్డు వైపు తిరిగి తుడుచుకునేవాణ్ణి. ఒక్క పాదంలో మూడు సార్లు ఉండటం, చివరికి ఒక్క లేకపోవడం. శరణాగతి ముందు అంత సందేహాన్ని ఎవరు రాయగలరు!

గండికోట గాలి:
ఒప్పుకున్నా మాస్టారూ. ఒంటిమిట్టే అయినా ఒప్పుకున్నా.

కొత్త సభ్యుడు 41:
హైదరాబాద్ సంస్థానం 1948లో విలీనమా, విమోచనమా? రెండిట్లోనూ వి ఉంది కదా, అందుకని...

కాపలాదారు:
ఆ దారి ఇక్కడ మూసి ఉంది. సెప్టెంబరు 17కి ఏటా వేరే దారం తెరుస్తాం, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ పోతన, ఫుట్‌బాల్ మాత్రమే. బమ్మెర, ఒంటిమిట్ట కూడా ఇంతటితో చాలు.

కెమ్నిట్స్ కబుర్లు:
ఫుట్‌బాలే చెబుతా. తూర్పు జట్టు ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్ 1990 సెప్టెంబరు 12న బ్రస్సెల్స్‌లో, బెల్జియం మీద 2–0. చాలామంది రాలేమన్నారు. పద్నాలుగు మందే వెళ్ళారు. రెండు గోల్సూ జామర్‌వే. నవంబరులో లైప్‌జిగ్‌లో రెండు జర్మనీల జట్లూ వీడ్కోలు మ్యాచ్ ఆడాలి, రద్దయింది. దానికి కొద్ది రోజుల ముందే అదే ఊళ్ళో, ఎఫ్‌సీ బెర్లిన్ మ్యాచ్ దగ్గర అల్లర్లలో పోలీసు కాల్పులకి పద్దెనిమిదేళ్ళ కుర్రాడొకడు చచ్చిపోయాడు. ఆఖరి సీజన్ అనగానే ఇక్కడి పెద్దవాళ్ళు ముందు దాన్నే తలుచుకుంటారు, విజేతని కాదు.

బంతిపూలు:
ఆ భాగం నేనూ రాశా. ఎన్నిసార్లు రాసినా పక్క వాక్యాలు తేలిపోతున్నాయి.

నేతిగిన్నె:
అక్కడ పద్యం పెట్టకమ్మా.

బంతిపూలు:
పెట్టను.

ఛందోబద్ధుడు:
ఇంతకీ వ్యాసంలో పాదం ఎక్కడ వస్తుంది? 'జనించు' కింద 1949, 'ఉండు లీనమై' కింద బుండెస్‌లీగాకి వెళ్ళిన రెండు జట్లు, 'డిందు' కింద మిగతావా? అలాగైతే పోతనని పాయింట్ల పట్టిక చేసినట్టే.

బంతిపూలు:
అలా అనకండి, సరిగ్గా అదే చేశా. మొత్తం 14 జట్లు. రెండు బుండెస్‌లీగాకి, ఆరు రెండో అంచెకి. ఎఫ్‌సీ బెర్లిన్ ఆ ఆరింట్లోకి కూడా రాలేదు. పదిసార్ల విజేత మూడో అంచెకి! డిందడానికి ఇంతకన్నా ఉదాహరణ ఉందా?

పాత పంతులు:
ఉంది, పద్యంలోనే. 'అనాదిమధ్యలయుడు' అన్నాడు చూశావా? ఆది, మధ్యం, లయం లేనివాడు. అక్కడ లయం అంటే అంతం. పై పాదంలో లీనం అంటే ఉనికి. ఒకే ధాతువుని నాలుగు పాదాల్లో రెండు ఎదురు పనులకి వాడాడు. నీ శీర్షికలో విలీనం ఏ పక్కదో నువ్వు తేల్చుకోవాలి, మేం తేల్చం.

బంతిపూలు:
మాస్టారూ, రాత్రి ఎనిమిదికి పేజీ పంపాలి.

ఛందోబద్ధుడు:
డు అని రాసి పంపేయండి.

పాత పంతులు:
తాతగారి పేరు చెప్పి డి అని రాస్తే మాత్రం ఎవరు కాదంటారు?

కొత్త సభ్యుడు 41:
ఒక్క ప్రశ్న. గెలిచిందెవరు?

బంతిపూలు:
హంజా రోస్టాక్. సముద్రం ఒడ్డు ఊరు. అంతకు ముందు ఒక్కసారి కూడా లీగు గెలవలేదు. పడమటి నుంచి ఊవె రైన్‌డర్స్ అనే కోచ్‌ని తెచ్చుకుని లీగూ కప్పూ రెండూ కొట్టేసింది. డ్రెస్డెన్ రెండోది. ఇద్దరూ బుండెస్‌లీగాకి వెళ్ళారు.

కొత్త సభ్యుడు 41:
వెళ్ళాక రోస్టాక్?

బంతిపూలు:
మరుసటి ఏడే డిందెను.

ఛందోబద్ధుడు:
డిందు అంటే అణగిపోవడం, కింది అంచెకి దిగడం కాదు. రోస్టాక్ 1995లో మళ్ళీ పైకొచ్చి పదేళ్ళు ఉంది. క్రియ మార్చండి.