పెళ్లి సంబంధాల కోసం ఫేస్‌బుక్, ఇన్‌స్టా వెతకడం ఎంతవరకు సబబు?

గోదావరి_గట్టు:
మా అమ్మాయికి డల్లాస్ సంబంధం వచ్చింది. వెనకటికైతే అబ్బాయి వాళ్ల ఊళ్లో తెలిసినవాళ్లని వాకబు చేసేవాళ్లం. డల్లాస్‌లో ఎవరిని అడగను? లింక్డిన్‌లో ఉద్యోగం, ఫేస్‌బుక్‌లో ఫొటోలు చూశాను. దొంగచాటుగా చూడటం బాలేదని అమ్మాయి అలిగింది. అందరికీ కనపడేలా పెట్టినవి చూస్తే తప్పేంటి?

నిర్మల_హన్మకొండ:
మీరు చూసినంతవరకు తప్పు లేదండీ. చాలా ఇళ్లలో అక్కడితో ఆగడం లేదు. మా చెల్లెలి అకౌంట్ ప్రైవేట్. అయినా అబ్బాయి తరఫువాళ్లు మా బంధువుల్లోనే ఒకమ్మాయి చేత స్క్రీన్‌షాట్లు తీయించుకున్నారు. పెళ్లిచూపుల్లో కాలేజీ టూర్ ఫొటో తీసి, పక్కనున్న అబ్బాయిలెవరని అందరి ముందూ అడిగారు. అది తన క్లాసే. ఆ పెళ్లికొడుకు అకౌంట్ చూపించమని మావాళ్లు ఒక్కరూ అడగలేదు! 2020లో ఫేస్‌బుక్ మన దేశంలో ప్రొఫైల్ లాక్ తెచ్చిందే ఆడపిల్లల భయాలు చూసి. లాక్ చేసిందంటే చూడొద్దని చెప్పినట్టే కదా.

లా_చదువుతున్నా:
2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. ఈ స్క్రీన్‌షాట్లు దానికి విరుద్ధం.

కరీంనగర్_కుర్రాడు:
అది ప్రభుత్వం ఆధార్ వివరాలు తీసుకోవడం మీద నడిచిన కేసు బ్రో. 2023 డేటా రక్షణ చట్టం కూడా మనుషులు సొంత అవసరాలకో, ఇంటి అవసరాలకో వాడుకునే సమాచారం జోలికి పోలేదు. బంధువులు చేసే నిఘాని పెద్దవాళ్లే ఆపాలి.

నిశ్చితార్థం అయ్యాక జరిగేది ఇంకా ఘోరం. మా అక్కది నైట్ షిఫ్ట్. "ఒంటిగంటకి ఆన్‌లైన్‌లో ఉన్నావు, ఎవరితో?" అని కాబోయే బావ రోజూ అడిగేవాడు. ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కనపడకుండా దాచుకునే వీలు వాట్సాప్ 2022లో ఇచ్చింది. అక్క దాచింది. ఎందుకు దాచావని మరో గొడవ. చూసుకోనిస్తే ఒక అనుమానం, చూసుకోనివ్వకపోతే రెండు. ప్రేమతో అడుగుతున్నాడులే అని మా ఇంట్లో సర్దిచెప్పారు. నాకు అందులో ప్రేమ కనపడలేదు.

గోదావరి_గట్టు:
నిర్మలగారూ, ప్రైవేట్ అకౌంట్లోకి దూరడం నేనూ సమర్థించను. కానీ అక్కడ ముందే పెళ్లయిన సంగతి దాచి, ఇక్కడ మళ్లీ చేసుకున్నవాళ్లున్నారు. పిల్లని సముద్రాలు దాటించే తండ్రికి ఎంత టెన్షన్ ఉంటుందో చెప్పండి.

నిర్మల_హన్మకొండ:
ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దాచాలనుకున్నవాడు ఆ ఫొటోలు ఫేస్‌బుక్‌లో ఉంచుతాడా? వీసా కాగితాలు, ఆఫీసు లెటర్ అబ్బాయినే అడగండి. ఎదురుగా అడిగితే జవాబు చెప్పుకునే అవకాశం అతనికి ఉంటుంది. వెనకాల చూసి మనసులో లెక్క కట్టేసుకుంటే ఎవరికీ ఉండదు. ఇంకో మాట. అబ్బాయి గురించి మీరు చూసినవన్నీ మీ అమ్మాయికి చూపించారా?

గోదావరి_గట్టు:
లేదండీ. ఈ రాత్రికి కూర్చోబెట్టి చూపిస్తాను. కాగితాల సంగతి తననే అడగమంటాను.